విమానాన్ని సుడిలోంచి తేల్చే విద్య

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు, డి.ఏ. బకాయిల గురించో హెల్త్ కార్డుల గురించో రాస్తానని అనుకుని ఉంటారు. ఆ విషయాలమీద నాకంటే బాగా రాయగలవాళ్లు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను విమానాల గురించి రాస్తున్నాను. సర్వీసంతా రెవెన్యూ శాఖలో ఫైళ్లతో గడిపిన గుమాస్తాకు విమానాలతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. పని పడింది. ఎలా పడిందో ముందు మనవి చేసి, తరువాత చరిత్రలోకి వస్తాను.

మా రెండో అమ్మాయి కూతురు ఇంటర్ పాసవగానే పైలట్ నవుతానని పట్టుబట్టింది. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు రావాలంటే 200 గంటలు విమానం నడిపి ఉండాలి. ఆ గంటలకయ్యే ఖర్చు మనబోటివాళ్లు లెక్కవేసుకుంటే గుండె జారుతుంది. అమ్మాయీ అల్లుడూ బ్యాంకులో అప్పు తీసుకున్నారు. హామీ సంతకం నాది, తాకట్టు పెట్టిన ఇంటి కాగితాలూ నావే. పిల్ల ఉత్తరాదిన ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరింది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఫోను చేసింది. "తాతయ్యా, ఇవాళ స్పిన్ నేర్పారు. విమానం బొంగరంలా తిరుగుతూ కిందికి పోయింది. మొదటిసారి నా చెయ్యి నా మాట వినలేదు, స్టిక్ వెనక్కి లాగేశాను. సారు 'వదులు, వదులు' అన్నారు. నాలుగోసారి నేనే తేల్చాను" అంది. దాని గొంతులో సంతోషమే కాని భయం లేదు. భయమంతా ఈ పక్కన మా ఇంటావిడకి పట్టుకుంది. "ఇంక చాల్లేమ్మా, వచ్చెయ్యి" అని ఫోనులోనే అనేసింది. ఆ రాత్రి నన్ను నిలదీసింది. "ఏవండీ, పడిపోకుండా నడపడం నేర్పాలి గాని, కావాలని పడేసి నేర్పడమేమిటి? మీరు సంతకం పెట్టారుగా, మీకు తెలియదా?"

నాకు తెలియదు. సంతకం పెట్టినవాడు తెలుసుకోవాలి కదా! లైబ్రరీలో దొరికిన పుస్తకాలూ, అల్లుడు ప్రింటు తీసి పంపిన కాగితాలూ పెట్టుకుని కొన్ని నెలలు కూర్చున్నాను. తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. మన కుటుంబాల్లో ఈ చదువుకు వెళ్లే పిల్లలు ఇప్పుడు పెరుగుతున్నారు, వారి పెద్దలకు పనికిరావచ్చు.

ముందుగా స్పిన్ అంటే ఏమిటి? విమానం రెక్క గాలిని కొద్దిపాటి ఏటవాలుగా కోస్తూ పోతుంటే దాన్ని పైకి లేపే బలం పుడుతుంది. ఏటవాలు పెంచినకొద్దీ కొంతవరకు ఆ బలమూ పెరుగుతుంది. సుమారు 15 డిగ్రీలు దాటేసరికి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పోతున్న గాలి చెదిరిపోయి, బలం ఒక్కసారిగా తగ్గుతుంది. దీన్ని స్టాల్ అంటారు. మన స్కూటరు ఆగిపోయినట్లు ఇంజను ఆగిపోవడం కాదు. ఇంజను చక్కగా తిరుగుతూనే ఉంటుంది, రెక్క మాత్రం పని మానేస్తుంది. ఆ సమయంలో విమానం ముక్కు ఒక పక్కకు తిరిగిందంటే, రెండు రెక్కల్లో ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా పని మానేస్తాయి. ఎక్కువ మానేసిన రెక్క కిందికి జారుతుంది, రెండోది పైకి లేస్తుంది. ఇక విమానం తనంతట తానే గిరగిర తిరుగుతూ దిగిపోతుంది. అదే స్పిన్, మన మాటలో సుడి.

సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసినవాళ్లకు ఇందులో సగం తెలిసినట్లే. పటం గిరికీలు కొడుతూ కిందికి వస్తుంటే కొత్తవాడు కంగారుపడి దారం లాగుతాడు. లాగినకొద్దీ పటం ఇంకా జోరుగా తిరిగి నేలకు కొట్టుకుంటుంది. అలవాటైనవాడు దారం వదులు చేస్తాడు. పటం తిరగడం ఆపి నిలబడుతుంది. అప్పుడు లాగుతాడు. విమానంలోనూ అంతే. నేల మీదికి వస్తున్నప్పుడు ఎవరి చెయ్యి అయినా స్టిక్కును వెనక్కే లాగుతుంది, ముక్కు పైకి ఎత్తాలని. అలా లాగితే రెక్కకు పోయిన బలం తిరిగి రాదు. సుడి ఆగదు.

చిన్న శిక్షణ విమానాల్లో సాధారణంగా నేర్పే పద్ధతి ఇది. ఇంజను వేగం తగ్గించాలి. స్టిక్కును పక్కలకు తిప్పకుండా మధ్యలో ఉంచాలి. విమానం ఎటు తిరుగుతోందో దానికి ఎదురు వైపు చుక్కానిని కాలితో పూర్తిగా తొక్కాలి. తరువాత స్టిక్కును ముందుకు తొయ్యాలి. తిరగడం ఆగగానే చుక్కానిని మధ్యకు తెచ్చి, నెమ్మదిగా ముక్కు ఎత్తాలి. ఏ విమానానికి ఏ క్రమమో దాని మాన్యువల్ చెబుతుంది. చదవడానికి అయిదు వాక్యాలే. కాని నేల గిరగిర తిరుగుతూ ఎదురొస్తుంటే స్టిక్కును ముందుకు, అంటే నేలవైపుకే తొయ్యమంటున్నారు! మనసు ఒప్పుకోదు. చెయ్యి అసలే ఒప్పుకోదు.

ఈ అయిదు వాక్యాలు తెలియడానికి మనుషులకు చాలా ఏళ్లు పట్టింది. రైట్ సోదరులు మొదటిసారి ఎగిరింది 1903 డిసెంబరులో. ఆ తరువాత సుమారు పదేళ్లపాటు సుడిలో పడ్డ పైలట్ బతకడం అరుదు. బతికినవాడికైనా ఎలా బతికాడో తెలిసేది కాదు.

1912 ఆగస్టు 25న ఇంగ్లండులో సాలిస్‌బరీ మైదానం మీద విల్‌ఫ్రెడ్ పార్క్ అనే నౌకాదళ లెఫ్టినెంటు ఆవ్రో కంపెనీవారి మూసిన గదిగల విమానంలో, పక్కన మరొక అధికారిని కూర్చోబెట్టుకుని, పరీక్ష కోసం ఎగిరాడు. దిగబోతూ సుమారు 700 అడుగుల ఎత్తున సుడిలో పడ్డాడు. అప్పట్లో అందరూ అనుకునే ఉపాయాలే చేశాడు. ఇంజను జోరు పెంచాడు, స్టిక్కు వెనక్కి లాగాడు, విమానం తిరుగుతున్న వైపుకే చుక్కాని తొక్కాడు. ఏదీ పని చెయ్యలేదు. నేల ఇక యాభై అడుగులుందనగా, ఇక చేసేదేమీ లేదనుకుని, చుక్కానిని ఎదురు వైపుకు తొక్కేశాడు. తిరగడం ఆగిపోయింది. విమానం నిలబడింది. ఇద్దరూ క్షేమంగా దిగారు.

నాకు నచ్చిందేమంటే, పార్క్ దిగిన తరువాత దేవుడి దయ అని ఊరుకోలేదు. ఏ క్షణంలో ఏం చేశాడో వరసగా చూసినవాళ్లతో చర్చించాడు, అది పత్రికలో అచ్చయింది. ఒకరి అనుభవం పదిమందికి రికార్డయింది. పాపం, అదే ఏడాది డిసెంబరులో మరో విమాన ప్రమాదంలో ఆయన పోయాడు. ఆయన రాయించిన సంగతి మిగిలింది.

అయినా అది అనుభవమే, కారణం కాదు. కారణం తేల్చే పని మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన కర్మాగారంలో జరిగింది. ఫ్రెడరిక్ లిండెమన్ అనే భౌతిక శాస్త్రవేత్త అందుకోసం తానే విమానం నడపడం నేర్చుకుని, 1917లో కావాలని విమానాన్ని సుడిలో పెట్టి, తిరుగుతూనే మీటర్లలోని అంకెలు గుర్తుపెట్టుకుని, దిగాక రాసుకున్నాడు. ఈయనే తరువాతి యుద్ధంలో చర్చిల్‌కు సైన్సు సలహాదారుగా ఉన్న లార్డ్ చెర్‌వెల్.

శాస్త్రం తెలిస్తే చాలదు, అది విద్యార్థి కాళ్లకూ చేతులకూ ఎక్కాలి. ఆ పని చేసినవాడు రాబర్ట్ స్మిత్-బారీ. సరైన శిక్షణ లేని కుర్రవాళ్లను యుద్ధరంగానికి పంపుతున్నారని కడుపు మండి, పైవాళ్లకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. చివరికి 1917లో గాస్‌పోర్ట్ అనే చోట ఒక శిక్షణ స్కూలు ఆయనకు అప్పగించారు. ఆయన సూత్రం ఒక్కటే. విద్యార్థిని ప్రమాదానికి దూరంగా దాచకూడదు. గురువు తోడుండగా, చాలినంత ఎత్తులో, ఆ ప్రమాదంలోకి తీసుకుపోయి బయటికి తీసుకురావాలి. అంతవరకు "ఆ పని చెయ్యకు, చస్తావు" అన్నదే పాఠం. ఆయన "చేద్దాం రా, ఎలా బయటపడతామో చూద్దువుగాని" అన్నాడు. ఇంజను రొదలో గురువు మాట వినబడడానికి ఆ స్కూల్లో వాడిన మాట్లాడే గొట్టానికి కూడా గాస్‌పోర్ట్ గొట్టమనే పేరు నిలిచింది.

మన ఊళ్లలో పిల్లలకు ఈత నేర్పే పద్ధతి ఇదే కదా! నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, పెద్దవాడు పక్కన ఉండి, కాలవలో దింపేవారు. నీళ్లు మింగినవాడే ఈత నేర్చేవాడు. పక్కన పెద్దవాడు లేకుండా, బుర్ర లేకుండా ఎవరూ దింపేవారు కాదు. విమానానికి ఎత్తే సొరకాయ బుర్ర.

ఇక ఈ విద్య మన వైపుకు ఎలా వచ్చిందో చూద్దాం. మన కృష్ణా జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోది గనుక, తెలుగు కుర్రవాళ్లకు దగ్గరి స్కూలు 1929లో ఏర్పడిన మద్రాసు ఫ్లయింగ్ క్లబ్బు. అటు నిజాం రాజ్యంలో 1930లలోనే బేగంపేటలో విమానాలు ఎగిరేవి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి బేగంపేటలో వాయుసేనకు ప్రాథమిక శిక్షణ స్కూలు పెట్టారు. మన గన్నవరం మైదానం కూడా యుద్ధకాలంలో సైన్యం వాడుకున్నదే.

ఆ రోజుల్లో శిక్షణ అంటే టైగర్ మాత్. 1931లో మొదట ఎగిరిన రెండు రెక్కల అంతస్తుల విమానం, 130 అశ్వశక్తి ఇంజను, పైన కప్పు లేదు. గురువు ముందు సీటులో, శిష్యుడు వెనక సీటులో. గాస్‌పోర్ట్ గొట్టంలోంచే మాటలు. మంచి విమానమే కాని, యుద్ధకాలంలో కొన్నిటికి అదనపు బరువులు తగిలించాక సుడిలోంచి తేలడానికి మొండికేస్తున్నాయని గమనించి, తోక దగ్గర సన్నని పలకలు బిగించారు. చెయ్యి సరిగా పనిచేస్తే చాలదు, విమానం కూడా ఆ పాఠానికి తగినదై ఉండాలని అప్పుడు బాగా తెలిసివచ్చింది.

స్వాతంత్ర్యం తరువాత బెంగళూరులో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారంలో డాక్టర్ వి.ఎం. ఘాటగే నాయకత్వాన తయారైన హెచ్.టి.-2 విమానం 1951లో ఎగిరింది. మన వాయుసేన కుర్రవాళ్లు చాలా ఏళ్లు దానిమీదే నేర్చుకున్నారు. 1971 నుంచి హైదరాబాదు పక్క దుండిగల్‌లో వాయుసేన అకాడమీ నడుస్తోంది. యుద్ధ విమానాలు నడిపే మొదటి ముగ్గురు ఆడపిల్లలు 2016 జూన్ 18న అక్కడే అధికారులయ్యారు. మా ఇంటావిడ "ఆడపిల్లకెందుకండీ" అన్నప్పుడు ఈ సంగతి చెప్పాను. 1940లలోనే ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్‌లో పైలట్‌గా చేరిందనీ చెప్పాను. ఆ విషయంలో మరి మాట్లాడలేదు.

కాని మా ఇంటావిడ అడిగిన అసలు ప్రశ్న పెద్ద పెద్దవాళ్లు కూడా అడిగిందే. అమెరికా ప్రభుత్వం 1949లో ప్రైవేటు పైలట్లకు స్పిన్ నేర్పి తీరాలన్న నిబంధన ఎత్తివేసింది. వారి వాదం ఇది. ఈ పాఠం చెబుతూనే కొందరు చచ్చిపోతున్నారు. అంతకంటే స్టాల్ వచ్చే గుర్తులు ముందే పసిగట్టి సుడిలో పడకుండా చూసుకోవడం నేర్పితే మేలు. సుడిలో పడని విమానాలు తయారుచేస్తే ఇంకా మేలు. 1940లోనే ఎర్‌కూప్ అనే అలాంటి విమానం వచ్చింది కూడా. అయితే నేర్పే గురువులకు మాత్రం స్పిన్ వచ్చి తీరాలన్న నిబంధన అక్కడ అలాగే ఉంచారు.

ఆ వాదంలో నిజముంది. చిన్న విమానం ఒక్క చుట్టు తిరిగేసరికి సుమారు 500 అడుగులు పోతాయి. ప్రాణం తీసే సుళ్లు ఎక్కువగా వచ్చేది దిగడానికి రన్‌వే వైపు చివరి మలుపు తిరిగేటప్పుడు. అక్కడ అంత ఎత్తే ఉండదు. ఎంత గొప్పగా నేర్చుకున్నవాడికైనా తేల్చే వ్యవధి లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1970లలో, మన డెల్టాలో వరిచేల మీద మందు చల్లే విమానం చూశాను. తాటిచెట్ల ఎత్తున వచ్చి, చేను చివర పైకి లేచి, చటుక్కున వెనక్కి తిరిగేది. పిల్లలతోపాటు మేమూ గట్టుమీద నిలబడి చప్పట్లు కొట్టాం. ఆ మలుపులో ఆ పైలట్ ఎంత సన్నని గట్టుమీద నడిచాడో ఇప్పుడు చదివాక తెలిసి ఒళ్లు జలదరించింది. అతన్ని కాపాడింది సుడిలోంచి తేల్చే నేర్పు కాదు, సుడి అంచు ఎక్కడుందో ఒంటికి తెలియడం.

మరి ఆ అంచు ఒంటికి ఎలా తెలుస్తుంది? ఒకసారి దాటి చూస్తేనే అన్నది రెండో పక్షం వాదం. నాకు తూకం ఇటే మొగ్గింది. దానికి కారణం 2009 జూన్ 1న జరిగిన ఘోరం. రియో డి జనీరో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం అట్లాంటిక్ సముద్రంలో పడి 228 మంది చనిపోయారు. వేగం చూపే మీటర్లు కాసేపు తప్పు చూపాయి. కంగారులో పైలట్ స్టిక్కు వెనక్కి లాగాడు. సుమారు 38,000 అడుగుల ఎత్తున రెక్కలు స్టాల్ అయ్యాయి. హెచ్చరిక మోగుతూనే ఉంది. మూడున్నర నిమిషాలు విమానం పడుతూనే ఉంది. ఆ సమయంలో ఎక్కువ భాగం చెయ్యి వెనక్కే లాగుతూ ఉంది. తమ విమానం స్టాల్ అయిందని వారు గుర్తించలేకపోయారని విచారణ తేల్చింది. ఎత్తు ఉంది, వ్యవధి ఉంది, చదువుకున్నవాళ్లున్నారు. చెయ్యి మాత్రం కొత్తవాడు గాలిపటం దారం లాగినట్లే లాగింది. ఇలాంటివి జరిగాక, 2014లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అదుపు తప్పిన విమానాన్ని తిరిగి అదుపులోకి తెచ్చే శిక్షణను తన ప్రమాణాల్లో చేర్చింది.

విమానం కూడా పాఠానికి తగినదై ఉండాలన్నాను. దానికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారి హెచ్.జె.టి.-36 శిక్షణ జెట్ 2003 మార్చిలో మొదట ఎగిరింది. 2011 ఏప్రిల్ 28న పరీక్షలు చేస్తుండగా ఒకటి తమిళనాడులో కృష్ణగిరి ప్రాంతాన కూలింది. ఇద్దరు పైలట్లూ పారాచూట్లతో బయటపడ్డారు. తోక భాగం మార్చి, 2019లో మళ్లీ పరీక్షలు మొదలుపెట్టి, 2022 జనవరి నాటికి కుడి ఎడమలకు ఆరేసి చుట్లు తిప్పి క్షేమంగా తేల్చి చూపించారు. ఒక్క పాఠానికి పనికివచ్చేలా చెయ్యడానికి ఒక విమానాన్ని అన్నేళ్లు సరిదిద్దారు. సరిగా తేలని విమానాన్ని విద్యార్థుల చేతికి ఇవ్వలేదు.

ఇది చదువుతున్న రోజుల్లోనే ఒక పెళ్లిలో మా దూరపు బంధువుల అబ్బాయి కలిశాడు. అతనూ ఎక్కడో ఫ్లయింగ్ స్కూల్లో చదివినవాడే. స్పిన్ పాఠం ఎలా ఉందని అడిగాను. నవ్వి, "మాకు ఎగిరి చూపించలేదండీ, లాగ్‌బుక్కులో రాసేశారు" అన్నాడు. అతను నవ్వాడు గాని నాకు నవ్వు రాలేదు. మనం జీవితమంతా రిజిస్టర్లతో బతికినవాళ్లం. చెయ్యని ప్రయాణానికి టి.ఏ. బిల్లు, రాని కూలీకి మస్టరులో వేలిముద్ర, మనం చూడనివి కావు. కాగితం మీద తప్పు రాస్తే ఆడిట్ వాళ్లు అభ్యంతరం పెడతారు, మనం సంజాయిషీ పంపుతాం, ఏళ్ల మీద అది సర్దుబాటవుతుంది. లాగ్‌బుక్కులో చెయ్యని పాఠం రాస్తే, ఆ సంగతి బయటపడే రోజున సంజాయిషీ రాసేందుకు మనిషి ఉండకపోవచ్చు.

కాబట్టి పిల్లల్ని ఈ చదువుకు పంపే పెద్దలకు నా మనవి. ఫీజు ఎంత, ఉద్యోగం ఎప్పుడు అని అడగడంతోపాటు మరికొన్ని అడగండి. మీ విమానానికి స్పిన్ చెయ్యడానికి అనుమతి ఉందా? (సెస్నా 152కు ఉంది, డైమండ్ డి.ఏ.40కి లేదు. అనుమతి లేనిదానితో ఎవరూ ప్రయత్నించకూడదు.) లేకపోతే ఈ పాఠం ఎలా చెబుతారు? చెప్పే గురువు తాను సరిగా నేర్చుకున్నాడా? ఎంత ఎత్తులో మొదలుపెడతారు? పిల్లల్ని కూడా అడగండి, "నువ్వు స్వయంగా చేశావా, పుస్తకంలో రాశారా?" అని. గుమాస్తా ప్రశ్నలే, కాని అడగవలసినవే.

మా మనవరాలిని వెనక్కి పిలవలేదు. ఆ రోజు దాని చెయ్యి మాట వినకపోవడమే మంచిదైందని ఇంటావిడకు వివరించాను. చెయ్యి ఒకసారి తప్పు చెయ్యాలి, పక్కన గురువు ఉండగా, కింద నాలుగైదు వేల అడుగులు ఉండగా. లేకపోతే ఆ తప్పు చేసే మొదటిసారి వెనక ప్రయాణికులు కూర్చుని ఉంటారు. ఆవిడ పూర్తిగా ఒప్పుకుందని చెప్పను. భయం పోలేదు, నాకూ పోలేదు. కాని మొన్న పిల్ల ఫోను చేస్తే ఆవిడ మొదటి ప్రశ్న "తిన్నావా అమ్మా" అని, రెండోది "ఇవాళ ఎంత ఎత్తులో చేశారే?" అని.